డిస్కు మీద బొట్టు

బాపు పోయిండని చాయ్ దుకాణమాయన ఫోన్ చేసి చెప్పిండు. "అన్నా, సైకిల్ బాపు పోయిండు. నీకు ఎవలన్న చెప్పిండ్రో లేదో అని చేసిన" అన్నడు. నేను అత్తాపూర్‌ల కూరగాయలు కొంటున్న. "సరే అన్నా, మంచిది" అని పెట్టేసిన. పెట్టేసినంక సోయికొచ్చింది, చావు కబురుకు మంచిది అన్నానని. ఎట్ల పోయిండని గూడ అడగలే. టమాటలు ఏరుకుంట చానసేపు ఆడనే నిలబడ్డ.

ఆయన నాకు బాపు గాదు, చుట్టం గూడ గాదు. శంషాబాద్‌ల బస్టాండు ఎనక గల్లీల సైకిల్ షాపు నడిపేటోడు. ఊరంత బాపు అంటుండె, నేను గూడ అన్న. పేరు రాయ. రాస్తే ఆయనకు పడదు. షాపుకు బోర్డు పెట్టు బాపూ అంటే, "బోర్డు చూస్తే టాక్సోళ్లొస్తరు" అని తప్పిచ్చుకునేటోడు. నాలుగు పానలు, ఒక గాలిపంపు ఉన్న షాపుకు ఏ టాక్సోడు వస్తడో ఆయనకే తెల్వాలె.

సైకిల్ పని ఆయనకు తాతల కాడికెల్లి వచ్చింది గాదు. ముందుగాల రైతు. చుట్టు ఊర్లల్ల బోరు మోటార్లు ఖరాబైతె బాగుచేసేటోడు. పొలం ఎయిర్‌పోర్టుల పోయినంక సైకిళ్లు పట్టుకున్నడు. పొలం ముచ్చట మాత్రం ఎన్నడూ ఎత్తలే. నెత్తిమీదికెల్లి ఇమానం పోతుంటే మేమంత తలెత్తి చూస్తం, ఆయన పాన ఆపి, చప్పుడు పోయేదాక నేల దిక్కు చూస్కుంట కూసొని, మళ్ల తిప్పుడు మొదలుపెడ్తుండె. ఏంది బాపూ అంటే, "ఆ లొల్లిల బండి మాట ఇనరాదు" అంటుండె.

బండి మాట అనుడు ఆయనకు ఉత్త మాట గాదు. ఎవలు సైకిల్ తెచ్చినా ఏమైంది అని అడగడు, "ఏమంటుంది?" అని అడుగుతడు. మనం చైన్ పడిపోతుందనో, బ్రేకు పడ్తలేదనో చెప్పబోతే చెయ్యి అడ్డం పెడ్తడు. "నువ్వు ఆగు, దాన్ని చెప్పనీ." ఇగ చక్రం లేపి తిప్పి, చెవి దగ్గరికి పెట్టి కండ్లు మూస్కుంటడు. నాకైతే మొదట్ల నవ్వొచ్చింది. మా మేనత్త ఊర్ల ఒకాయన గిట్లనే పుచ్చకాయను చెవికి పెట్టి కొడ్తుండె, అదే యాదికొచ్చేది.

ఇప్పిన సామాను అన్నం తినే స్టీలు పళ్లెంల వరుసగ పెడ్తడు, ముందు ఇప్పింది ఎడమ దిక్కు, ఎనక ఇప్పింది కుడి దిక్కు. ఆ పళ్లెం దాటి ఎవలన్న కాలు చాపితే ఆయనకు కోపం. కోపమంటే తిట్టడు. పని ఆపి ఆ కాలు దిక్కే చూస్కుంట కూసుంటడు. ఎంత మొండోడైనా రెండు నిమిషాలల్ల కాలు ముడుసుకోవాల్సిందే.

ఇంకొక కట్టడి ఉండె ఆయనకు. బ్రేకు పని చేసిన బండి ఏదైనా ముందుగాల ఆయన తొక్కాలె. రైలు గేటు దిక్కు పోయేకాడ ఒక దిగుడు ఉంటుండె. మీదికెల్లి ఊపుతోని వచ్చి, నడుమిట్ల బ్రేకు కొట్టి, ఆగి, దిగి, నడిపిచ్చుకుంట వెనకకు తెచ్చి అప్పుడు చేతికిస్తడు. అరవై దాటిన మనిషి. నేను తొక్కి చూస్త తియ్ బాపూ అంటే ఒప్పుకోకపోతుండె. "పడితే నేను పడ్త. నా చెయ్యి పెట్టిన దానికి నువ్వెందుకు పడాలె."

నా సైకిల్ గూడ బ్రేకు పనికే ఆయన చేతికి పోయింది. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు వచ్చిన ఒక తెల్లాయన, పని ఒడిసినంక పోతపోత తన సైకిల్‌ను వాచ్‌మన్‌కు ఇచ్చి పోయిండు. అది వాచ్‌మన్‌కు ఎత్తైంది, కాళ్లు అందలే, నా దగ్గరికొచ్చింది. అప్పుడు నేను ఎయిర్‌పోర్టు కార్గోల డబ్బాలకు చీటీలు అంటిచ్చే పనిల ఉంటి. శంషాబాద్‌ల ఒక అర్ర కిరాయికి తీస్కొని ఒక్కన్నే ఉంటుంటి. పొద్దుగాల డ్యూటీకి సైకిల్ మీదనే పోతుంటి. దానికి ముందట, ఎనక డిస్కు బ్రేకులు, అవి గూడ తీగ లేకుండ నూనెతోని నడిచేటియి. పాతబడి, బ్రేకు పిడి నొక్కితే మెత్తగ పోయి హ్యాండిల్‌కు తాకుతుండె, బండి మాత్రం ఆగకపోతుండె. సిటీల పెద్ద షాపుకు తీస్కపోతే, ఇది పాత మాడల్, మొత్తం మార్చాలె అన్నరు. ఇంగ్లీషుల అన్నరు, అందుకే నాకు ఇంకింత మండింది.

బాపు దాని చుట్టు రెండు సార్లు తిరిగిండు. "తీగ ఏది?" అన్నడు.

"తీగ లేదు బాపూ. ఆ సన్న పైపుల నూనె ఉంటది."

"నూనెనా?" అని పిడిని ఊకూకె నొక్కిండు. ఐదారు సార్లు నొక్కినంక ఆయన మొకం మారింది. "ఒక్కసారి నొక్కితే మెత్తగుంది, నొక్కంగ నొక్కంగ గట్టి పడ్తుంది. నూనె ఉంది, మధ్యల గాలి ఇరికింది. బోరు పైపుల గాలి ఇరికితే మోటారు తిరుగుతది, నీళ్లు రావు, గట్లనే. వీడు నాకు ఎరుకైన దొంగనే" అన్నడు. ఆయన అంత సంబురపడుడు నేను అంతకు ముందు చూడలే.

ఇగ ఏ నూనె పోయాలె అన్నది లొల్లి. పక్కన మోటార్ సైకిళ్ల మెకానిక్ తన బ్రేకు ఆయిల్ డబ్బ తెచ్చిచ్చిండు. వేరేటోడైతే పోసి పారేసేటోడు. ఈయన రెండు గిలాసలల్ల నీళ్లు తెప్పిచ్చిండు. ఒక దాంట్ల నా సైకిల్ పైపుకెల్లి తీసిన నూనె ఒక చుక్క ఇడిసిండు, తేలింది. ఇంకో దాంట్ల డబ్బలది ఒక చుక్క ఇడిసిండు, నీళ్లల్ల కలిసిపోయింది. రెండు గిలాసలు నా మొకం ముందట పెట్టిండు. "ఇది తేలే జాతి, అది కలిసే జాతి. తప్పుది పోస్తే లోపటి రబ్బర్లు ఉబ్బి సస్తయ్. మోటార్లల్ల డీజిల్ తాకి ఉబ్బిన రబ్బర్లు ఎన్ని తీసి పారేసిననో." నేను డిగ్రీ చదివినోన్ని. ఆ గిలాస ముచ్చట నాకు జన్మల తట్టకపోవు. సిగ్గైంది, దాపెందుకు.

నేను సిటీకి పోయి తేలే జాతి నూనె సీసా ఒకటి తెచ్చిన. మందుల దుకాణంల సూది లేని సిరంజి కొన్నం. కింద డిస్కు కాడికెల్లి నూనెను మీదికి ఎక్కిచ్చుడు, మీద పిడి కాడ బుడగలు ఎల్లేదాక చూసుడు, గదే పని. ఒక బుడగ ఎల్లితే ఇంకోటి యాడనో దాక్కుంటుండె. పొద్దుమీకి షాపు మూసేటప్పుడు పిడిని నొక్కి ట్యూబు ముక్కతోని హ్యాండిల్‌కు కట్టేసి పోయేటోడు, తెల్లారేసరికి మిగిలిన గాలి దానంతటదే మీదికొస్తదని. నెల దినాలు గిట్లనే నడిచింది. నేను డ్యూటీ దిగంగనే పోయి ఆయన పక్కన పీటేసుకుంటుంటి. మాట్లాడుకునేది ఏం లేకుండె. "ఎల్లింది, సూడు" అంటుండె, చూస్తుంటి. ఆ ఊర్ల నాకు కూసునే జాగ అదొక్కటే. ఒక దినం డ్యూటీల ఆలస్యమై పోకపోతే, తెల్లారి "నిన్న రాకపోతివి" అన్నడు. ఆ మాటకే నాకు కడుపు నిండింది.

దసరా ముందటి రోజు బ్రేకు పట్టింది. దిగుడులకెల్లి వచ్చి, సైకిల్ నడిపిచ్చుకుంట, చూపుడువేలు లేపి పట్టుకొని గల్లీల నడిచిండు. "ఒక్క ఏలు. ఒక్క ఏలుతోని ఆపిన" అని చాయ్ దుకాణమాయనకు, మోటార్ సైకిళ్ల మెకానిక్‌కు, ఆఖరికి పూలమ్మే ఆమెకు గూడ చూపెట్టిండు.

దసరా నాడు సామాన్లకు సెలవు, ఆయన పాన ముట్టడు, ఏ బండి తొక్కి చూడడు. పానలు, పంపు కడిగి వరుసగ పెట్టి పూజ చేసిండు. ఇనుము మీద పొడి పసుపు నిలవదని ఇంటికెల్లి మంచినూనెల కలిపి తెచ్చిండు. అందరి సైకిళ్లకు హ్యాండిల్ మీద బొట్టు పెట్టుకుంట వచ్చి, నా సైకిల్ కాడ ఆగి, కింద కూసొని డిస్కు మీద పెట్టిండు. "నెల దినాలు నన్ను సతాయిచ్చింది ఇదే. పూజ దీనికే జెయ్యాలె" అన్నడు. తళతళ మెరిసే డిస్కు మీద పచ్చగ పసుపు, దాని మీద ఎర్రగ కుంకుమ, చూడ సక్కగుండె. ఊకుంటినా, నేనే అన్న, "ఎనక చక్రం ఏం పాపం చేసింది బాపూ, దానికి గూడ పెట్టు" అని. నవ్వుకుంట దానికి గూడ పెట్టిండు.

తెల్లారి డ్యూటీకి పోతుంటే ఆ దిగుడులనే బ్రేకు కొట్టిన. పిడి మంచిగ గట్టిగనే ఉంది. బండి మాత్రం ఆగలే. కుయ్యిమని ఒర్రుకుంట అట్లనే పోయింది. ముందట ఆటో. ఆటోను తప్పిచ్చబోయి రోడ్డు పక్క మోరిల పడ్డ. కుడి చెయ్యి మణికట్టు కాడ ఇరిగింది.

బాపు దవాఖానకు చెప్పులు లేకుండ ఉరికొచ్చిండు. పట్టీ ఏసేదాక గోడకు ఆనుకొని నిలబడ్డడు. బయటికొచ్చినంక తన రెండు చేతులు చూస్కొని, "ఈ చెయ్యి పాడుగాను. ఏం తప్పు చేసినో నాకే ఎరుకైతలేదు" అన్నడు.

మరునాటికెల్లి పగటిపూట టిఫిన్ డబ్బ పట్టుకొని నా అర్రకు వచ్చుడు మొదలైంది. ఆయన భార్యను మేమంత అవ్వ అంటం. అవ్వ వండి పంపేది. జొన్నరొట్టె, పప్పు, గోంగూర తొక్కు, అన్నం, సల్ల. నాది కుడి చెయ్యి పోయె, రొట్టె ఆయననే ఇరిచి ముక్కలు చేసి పెట్టేటోడు. నేను చెంచాతోని తింటుంటే నా పట్టీ దిక్కు చూస్కుంట కూసునేటోడు. డబ్బ పెద్దది, ఇద్దరికి సరిపోను ఉంటుండె. నువ్వు గూడ తిను బాపూ అంటే, "నాది అయ్యింది, నువ్వు తిను" అనేటోడు. నేను మొత్తం ఊడ్చేస్తుంటి.

పడ్డ వారానికి నాకు అసలు సంగతి తెలిసింది. ఊకె పండబుద్ది గాక నెట్ సెంటర్‌కు పోయి, ఎడమ చేత్తోని టైపు చేసుకుంట ఈ బ్రేకుల గురించి వెతికిన. డిస్కుకు నూనె తగలొద్దట, ఏలి జిడ్డు గూడ తగలొద్దట. తగిలితే డిస్కును పట్టే బిళ్లలు నూనె పీల్చుకొని జారుతయట, పిడి ఎంత గట్టిగున్నా పట్టు ఉండదట. అర్రకు ఉరికొచ్చి, గోడకు ఆనిచ్చిన సైకిల్ కాడ కూసొని చూసిన. డిస్కు రంధ్రాలల్ల పసుపు ఇంక పచ్చగనే ఉంది. ఆయన పని సక్కగనే ఉండె. చెడింది మేం ఇద్దరం నవ్వుకుంట పెట్టిన బొట్టుతోని.

మరి ఆ పగటిపూటనే చెప్పాలె గద. చెప్పలే. పూజతోని ఇట్లైందంటే పెద్దమనిషి మనసు ఇరుగుతదేమో అని నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. ఆయన చెయ్యి తప్పు గాదని తెలిస్తే రేపటికెల్లి డబ్బ పట్టుకొని రాడేమో అని నా భయం. ఇంటికి దూరంగ ఉన్నోన్ని, చెయ్యి ఇరిగినోన్ని, ఒక మనిషి రోజు వచ్చి నా ముందట కూసుంటుండె. దాన్ని పోగొట్టుకోబుద్ది గాలే. ఇయ్యాల గాదు రేపు చెప్త, రేపు గాదు ఎల్లుండి అనుకుంట రొట్టెలు తిన్న.

ఆయన షాపుల బ్రేకు పని బంద్ పెట్టిండు. ఎవలన్న వస్తే, "వేరే కాడికి పో బిడ్డా, నా చెయ్యి మంచిగ లేదు" అంటుండట. పంచర్లు, గాలి, అంతే. దిగుడు దిక్కు పోవుడే మానేసిండట. చాయ్ దుకాణమాయన నన్ను చూడనీకి వచ్చి, "బాపు షట్టర్ ఇడిసిపెడ్తుండట అన్నా, ఓనర్‌కు చెప్పిండట" అన్నడు. అయినా ఏమనుకున్ననో చూడుండ్రి, కట్టు ఇప్పినంక పోయి నిమ్మలంగ చెప్త అనుకున్న.

కట్టు ఇప్పిన రోజే సైకిల్ నడిపిచ్చుకుంట షాపుకు పోయిన. బాపు పానలు గోనెసంచిల ఏస్తుండు. షట్టర్ వేరేటోళ్లకు మాటిచ్చేసిండ్రట, మొబైల్ రీచార్జ్ షాపు పెడ్తరట. నేను ఆడనే, గోనెసంచి ముందట నిలబడి మొత్తం చెప్పిన. నూనె, డిస్కు, బొట్టు. రంధ్రాలల్ల పసుపు చూపెట్టిన. ఆయన ఏలితోని గీకి, ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసిండు.

"ఎన్నడు తెల్సింది నీకు?" అన్నడు.

"నిన్న" అన్న.

గోనెసంచిలకెల్లి పానలు మళ్ల బయటికి తీసిండు. డిస్కును స్పిరిట్‌తోని కడిగిండు, బిళ్లలను గరుకు రేగ్మాల్ కాయిదం మీద రుద్ది, అవ్వ పొయ్యి మీద కాల్చుకొచ్చిండు. ఇగ సైకిల్ పట్టుకొని దిగుడుకు పోయిండు. ఎనక నేను. మీదికెల్లి ఊపుతోని వచ్చి నడుమిట్ల ఆగిండు. మళ్ల ఎక్కి మళ్ల వచ్చిండు. మూడోసారి ఆగినంక దిగలే, సీటు మీదనే కాలు నేలకు ఆనిచ్చి ఏడ్చిండు. నేను దగ్గరికి పోతే నా భుజం పట్టుకున్నడు.

"షట్టర్ పోతే పోయింది బిడ్డా. నా చెయ్యి నాకు దొరికింది" అన్నడు. మళ్ల తనే నన్ను ఓదార్చిండు. "నిన్ననే తెల్సిందాయె. నువ్వు మాత్రం ఏం జేస్తవ్."

షట్టర్ దొరకలే. ఆ గల్లీ మొగలనే ఒక ప్లాస్టిక్ పట్టా కట్టుకొని పని పెట్టుకున్నడు. ఎండకాలం పట్టా కింద నిప్పుల కొలిమి, వానొస్తే స్టీలు పళ్లెం మీద కండువ కప్పి తను తడుస్తుండె. బ్రేకు పని మాత్రం మళ్ల మొదలుపెట్టిండు, డిస్కుల మోటార్ సైకిళ్లు గూడ ఆయన కాడికి వచ్చుడు మొదలైంది. దసరా వస్తే రోడ్డు మీద నిలబడి తెలిసినోన్ని, తెల్వనోన్ని ఆపుతుండె. "బిడ్డా, హ్యాండిల్‌కు పెట్టు, డిస్కుకు పెట్టకు." ఎందుకని అడిగితే నన్ను చూపెట్టి ఆ కథ చెప్తుండె. ఆఖరికి ఎప్పుడూ ఒక్కటే మాట, "ఈ పిలగాడు తెల్వంగనే ఉరికొచ్చి చెప్పిండు." నేను ఆ పట్టా కింద కూసొని ఎన్నిసార్లు ఇన్ననో లెక్కలేదు. ప్రతిసారి నోట్లెకు వచ్చింది, ప్రతిసారి చాయ్‌తోని మింగిన. తర్వాత అత్తాపూర్ దిక్కు వేరే పని దొరికింది. పోయిన. నిజం చెప్పాల్నంటే తప్పిచ్చుకున్న.

దినాలకు పోయిన. నిద్రలనే పోయిండట, ఎవ్వరికి తిప్పలు పెట్టలేదట. బంతిల కూసుంటే అవ్వ తనే గరిటె పట్టుకొని నా కాడికొచ్చింది. పక్కన కూసున్న చుట్టాలకు నన్ను చూపెట్టి, "ఈ బిడ్డనే. మాయన రోజు చెప్పేటోడు, తెల్వంగనే ఉరికొచ్చి చెప్పిండని" అన్నది.

ఇగ నాతోని కాలే. "అవ్వా, తెల్వంగనే గాదు" అన్న. "నాకు నెల ముందుగాలనే తెల్సు. తెల్సి గూడ చెప్పలే. బాపు నా అర్రకు రావాలని చెప్పలే."

అవ్వ చేతిల గరిటె ఆగింది. తిడ్తదనుకున్న, తిడితే మంచిగుండు. నా విస్తరి దిక్కు చూసింది.

"ఆ నెల దినాలు మాయన పగటిపూట బువ్వ ముట్టలే బిడ్డా" అన్నది. "నా చెయ్యితోని ఆ పిలగాడు చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు, నాకు ముద్ద ఎట్ల దిగుతది అనేటోడు. ఆయనది గూడ నీ డబ్బలనే కట్టిచ్చుకొని వచ్చేటోడు."

అని, గరిటెడు అన్నం నా విస్తరిల ఏసింది. "తిను" అన్నది.

తిన్న.